ఐదు రూపాయలు, మూడు హిస్సాలు

అమ్మీ ఇంతెకాల్ అయ్యాక, చాలీస్వా ఫాతెహా దాటిన వారానికి, ఉదయగిరిలో ఆమె సందూక్ తెరిచాం. అడుగున ఒక దస్తీలో ఐదు వెండి రూపాయలు మూటగట్టి ఉన్నాయి. షరియత్ హిసాబు ప్రకారం వారసుల్లో కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. మేం ఇద్దరు అన్నదమ్ములం, మాకు ఒక ఆపా. ఐదు సిక్కాలు రెండు, రెండు, ఒకటిగా సరిగ్గా సరిపోయాయి. సరిపోనిది ఖీమత్ ఒక్కటే.

"భాయ్‌జాన్, ఏది ఎంతో తెలియకుండా ఎలా పంచుతాం? ఆపాకు తక్కువది వెళ్తే గునాహ్ మనకే కదా," అన్నాడు తమ్ముడు. మద్రాసులో ఒక సిక్కాల వ్యాపారి వాడికి సలహా ఇచ్చాడట: అమెరికాలో గ్రేడింగ్ కంపెనీకి పంపితే నంబరు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తారు, అప్పుడు ధర పెరుగుతుంది అని. వాడి దోస్తు ఒకరు వచ్చే నెల అమెరికా వెళ్తున్నాడు. జేబులో పెట్టి పంపేద్దాం అన్నాడు.

ఒక రాత్రి గడువు అడిగి, ఐదింటినీ దీపం కింద పరిచాను.

మొదటిది ఆర్కాటు రూపాయి. ఫార్సీ అక్షరాల్లో బాద్షా ఆలంగీర్ సానీ పేరు, జర్బ్ ఆర్కాట్, హిజ్రీ 1172, తామర పువ్వు గుర్తు. 1172 అంటే క్రీస్తు శకం 1758-59. కానీ ఇది నవాబు సిక్కా కాదు. తామర పువ్వు మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ టంకశాలది. ఆ బాద్షా 1759లోనే ఖతల్ అయ్యాడు. కంపెనీ మాత్రం 19వ శతాబ్దంలోనూ ఆయన పేరుతో, అదే 1172తో రూపాయలు కొడుతూనే ఉంది. 1801లో కర్నాటక నవాబు ముల్కుతో పాటు మన నెల్లూరూ కంపెనీ చేతికి పోయింది. సిక్కా మీద మాత్రం ఢిల్లీ బాద్షా నిలిచే ఉన్నాడు.

రెండూ మూడూ విక్టోరియా రూపాయలు, 1840 అని ఉంటుంది. ఆ అంకె చూసి మనసు కలుక్కుమంది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ గద్దె దించింది. అదే బగావత్ ఇల్జాం మీద ఉదయగిరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించి, జాగీరు జప్తు చేసింది 1840లోనే. అయితే ఇక్కడా తారీఖును నమ్మకూడదు. 1840 అన్న అంకెతోనే 1862 దాకా ముద్ర వేశారు. నాలుగూ ఐదూ 1862 రూపాయలు. ఆ అంకె కూడా 1874 దాకా కదల్లేదు.

తారీఖు ఎందుకు ఆగిపోయింది? జవాబు షరాబుల దగ్గర ఉంది. మొగలుల కాలంలో కొత్త సనహ్ రూపాయికే పూర్తి ఖీమత్. ఏడాది పాతబడితే షరాబు వట్టం కోసేవాడు. తూకం వేసి, రాతి మీద మోగించి, అనుమానం వస్తే అంచున చిన్న గాటు పెట్టి, తన ముద్ర కొట్టేవాడు. అంటే గ్రేడింగ్ నిన్న మొన్నటిది కాదు, వట్టమే ఆనాటి గ్రేడింగ్. ఆ గొడవ తప్పించుకోవడానికి బెంగాల్లో కంపెనీ షా ఆలం 19వ సనహ్ అన్న అంకెనే స్థిరం చేసింది. 1835లో హిందుస్తాన్ అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. ఒక తులం, అంటే 11.66 గ్రాముల బరువు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఎవరి చేతిలో ఉన్నా రూపాయి రూపాయే.

ఒక కంపెనీ తీసేసిన వట్టాన్ని ఇప్పుడు ఇంకో కంపెనీ డబ్బీలో పెట్టి అమ్ముతోంది. 1 నుంచి 70 దాకా ఉండే ఈ కొలబద్దను విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. దాని ముందు మా రూపాయల హాల్ చూడండి. ఆర్కాటు రూపాయి మీద షరాబుల గాట్లు. ఒక 1840ని చిన్నప్పుడు ఈద్‌కి నేనే చింతపండుతో తోమి తళతళలాడించాను. ఒక 1862కి కొండీ అతికించి ఉంది, అమ్మీ నల్లదారంతో మెడలో వేసుకునేది. ఇలా తోమినవాటికి, అతికించినవాటికి గ్రేడింగువాళ్లు మామూలు నంబరు ఇవ్వరు, లోపం రాసి పంపుతారు. మిగతా రెండూ అరిగినవి, బజారులో కొల్లలుగా దొరికేవి. ఫీజు, రానుపోను ఖర్చు కలిపితే అసలుకే నుక్సాన్.

గ్రేడింగ్ ఫిజూల్ అని నేననను. 1939 నాటి ఆరో జార్జి రూపాయి లాంటి అరుదైనది చేతిలో ఉంటే, దానికి నకిలీలు ఎక్కువ కాబట్టి ఆ డబ్బీ మంచి జమానతే. కానీ మావి వందేళ్లు దాటినవి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ల నాటి నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, అది అనుమతించిన సంస్థ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. దోస్తు జేబులో పంపితే అది జుర్మ్ అవుతుంది. తమ్ముడికి చెబితే మొహం మాడ్చుకున్నాడు గానీ మాట విన్నాడు.

మర్నాడు ఆత్మకూరు బస్సెక్కాం, ఆపా అత్తగారిల్లు అక్కడే. బజారులో ఒక షరాబు కాటాలో వేయించాం. వెండి లెక్కన ఐదింటికీ పెద్ద ఫరఖ్ లేదు. మిగిలిన ఖీమత్‌ని కాటా తూచలేదు కాబట్టి, ఒక్క సిక్కా వచ్చే ఆపానే ముందు ఎంచుకోవాలని తీర్మానించాం. ఇన్సాఫ్‌కి మాకు తోచిన దారి అదే.

ఆపా కొండీ ఉన్నది తీసుకుంది. నంబరుకు నోచుకోనిది అదేనని తమ్ముడు చెప్పబోతే, "నాకు తెలుసురా," అంది.

తోమిన 1840 నా హిస్సాలోకే వచ్చింది. కాగితం కవరులో పెట్టి పైన రాశాను: "అంకె 1840. ముద్రపడింది 1840-62 మధ్య. చింతపండుతో తోమింది నేనే."