టిండేల్ అనే ఇంటిపేరు

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే కదా! టిండేల్ కూడా అలాంటిదే. ఉత్తర ఇంగ్లాండులో టైన్ అనే నది ఉంది. 'డేల్' అంటే లోయ. ఆ లోయ విడిచి వలస వెళ్లినవారిని వెళ్లినచోట టిండేల్ అని పిలిచారు. టిండాల్, టిండిల్ అనే రూపాల్లో ఈ పేరు నేటికీ ఎక్కువగా ఉత్తరాదినే వినబడుతుంది.

అయితే గ్రీకు నుండి క్రొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్ ఆ ప్రాంతంవాడు కాడు. దూరాన, వేల్స్ సరిహద్దునున్న గ్లాస్టర్‌షైర్‌వాడు. వాళ్ల కుటుంబానికి హిచిన్స్ అని రెండో ఇంటిపేరు ఉండేది. 1512లో ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా పుచ్చుకున్నది ఆ పేరుతోనే. 1526లో వర్మ్స్ పట్టణంలో అచ్చయిన క్రొత్త నిబంధన మీద మాత్రం ఏ పేరూ వేసుకోలేదు. దొరికితే ప్రాణం పోయే పని మరి! 1528లో వేరొక పుస్తకానికి ముందుమాట రాస్తూ టిండేల్ అని తన పేరు బయటపెట్టాడు. 1536లో, ఇప్పటి బెల్జియంలోని విల్వోర్డ్‌లో, గొంతు బిగించి చంపి ఆయన దేహాన్ని కాల్చారు.