లుఖ్మా ఇచ్చే మెమరీ

మా తరావీహ్‌లో ఇమామ్ సాబ్ వెనకాల ఇంకో హాఫిజ్ నిలబడతాడు. ఇమామ్ ఏ ఆయత్ దగ్గరైనా తడబడితే ఆయన వెంటనే లుఖ్మా ఇస్తాడు. చిన్నప్పుడు నాకది ఇమామ్‌కు బేఇజ్జతీ అనిపించేది. "నువ్వు బిడ్డవి, నీకు తెల్దు. ఎనకాల ఇనేవాడు ఉన్నాడనే ఆయనకు భరోసా" అనేవాడు అబ్బా.

ఆ అబ్బా గొంతే ఇప్పుడు నా ఫికర్. ఆయన ఖిరాత్ ఉన్న క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పామిడిలో మా ఇంట్లోనే ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకున్నా. ఆ తర్వాత టేపుకు బూజు పట్టింది. పోయిన రంజాన్‌లో ఫైలు తెరిస్తే యాసీన్ మధ్యలో చిటుక్కుమని శబ్దం, రెండు క్షణాలు గొంతు మాయం. బ్యాకప్‌లోనూ అంతే. చెడిన నకలు వెళ్లి మంచి నకలు మీద కూర్చుంది. తప్పు డిస్క్‌దా, కరెంటు పోటుదా, మెమరీదా అంటే నా దగ్గర సుబూత్ లేదు. ఆ షక్‌తోనే ఈసీసీ మెమరీ తారీఖ్ తవ్వడం మొదలుపెట్టా.

కథ 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలవుతుంది. రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త వారాంతాల్లో రిలేల కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి ఇంటికి పోయేవాడు. గల్తీ పసిగట్టగానే యంత్రం ఆ లెక్క వదిలేసేది, సోమవారం వచ్చి చూస్తే ఏమీ ఉండేది కాదు. తప్పుందని తెలుసుకునే యంత్రం, అదెక్కడుందో ఎందుకు తెలుసుకోదని ఆయన కోపం. ఆ కోపం నుంచే 1950లో హామింగ్ కోడ్ బయటికొచ్చింది. నాలుగు బిట్లకు మూడు బిట్లను గవాహ్‌లుగా నిలబెట్టాడు. సర్వర్లలోని మామూలు ఈసీసీ 64 బిట్లకు 8 గవాహ్‌లను పెడుతుంది. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే కనిపెడుతుంది.

బిట్ తనంతట తానే ఎందుకు తప్పుతుంది? చిప్ పైకప్పులో ఉండే లేశమంత యురేనియం, థోరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కూడా కారణమని 1978లో ఇంటెల్ వాళ్లు చూపించారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ ఆ పని చేస్తాయి. 2003లో బెల్జియంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి ఉండాల్సిన దానికంటే 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. అది సరిగ్గా రెండును పన్నెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. ప్రోగ్రామ్‌లో తప్పు దొరకలేదు, ఒకే ఒక్క బిట్ తిరగబడిందన్నారు. ఆ ఓట్లు వంద మాత్రమే ఎక్కువై ఉంటే ఎవరికైనా షక్ వచ్చేదా?

అయితే కిరణాల మీదే నెపం వేయడం ఇన్సాఫ్ కాదు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో నూటికి సుమారు 8 మెమరీ కడ్డీలు కనీసం ఒక్కసారి తప్పాయి. అందులో ఎక్కువ భాగం కడ్డీలోని సొంత ఖరాబీయే.

మరి ఇంటికి ఈసీసీ జరూరీనా? సినిమాలు, పాటలు పెట్టుకునే సర్వర్‌కు అక్కర్లేదు. అసలు పోయి నకలే మిగిలిన అమానత్ ఉంటే, పైసలు కుదిరితే, పెట్టించుకోండి. ప్రాసెసర్, బోర్డు, కడ్డీ మూడూ దానికి ఒప్పుకోవాలి. కానీ ఆ లుఖ్మా మెమరీ లోపలే. డిస్క్‌లో చెడినదాన్ని, మన చేత్తో చెరిపినదాన్ని అది దిద్దదు. అందుకే నా మొదటి ఖర్చు ఈసీసీ మీద కాదు. పాత నకలు మీద కొత్తది రాయని ఇంకో డిస్క్ కొన్నా, దాన్ని అనంతపురంలో చెల్లి ఇంట్లో పెట్టా. రెండు చోట్లా ఫైళ్ల చెక్‌సమ్‌లు నెలకోసారి పోల్చి చూస్తున్నా.

గుంతకల్లులో ఫుఫ్ఫూ దగ్గర అదే క్యాసెట్ ఇంకోటి ఉండాలని అమ్మీ అంటోంది. జుమా నమాజ్ అయ్యాక బయల్దేరుతున్నా.