భూ జీవావరణంపై విష కాలుష్య కారకాల ప్రభావం (హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం)

పరిశ్రమలు, వ్యవసాయం, వాహనాలు, పట్టణ వ్యర్థాల నుండి వెలువడే హానికర పదార్థాలను విష కాలుష్య కారకాలు అంటారు. ఇవి నేలను, నేలలోని సూక్ష్మజీవులను, మొక్కలను, జంతువులను, చివరకు మనుషులను దెబ్బతీస్తాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం ఉదాహరణగా ఈ ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఈ మూడు పట్టణాలు అనంతపురం జిల్లాలో ఉండేవి.

ప్రాంత స్వరూపం

ఇది దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. పెన్నా నది కర్ణాటక నుండి హిందూపురం వద్ద రాష్ట్రంలోకి ప్రవేశిస్తుంది. జయమంగళి నది పరిగి మండలంలో దానితో కలుస్తుంది. చిత్రావతి నది పుట్టపర్తి, ధర్మవరం మీదుగా ప్రవహిస్తుంది. ఈ నదులు సంవత్సరంలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉంటాయి. అందువలన నేలపై చేరిన విషపదార్థాలు కొట్టుకుపోక అక్కడే పేరుకుపోతాయి. నీరు ఆవిరై పోయేకొద్దీ లవణాల గాఢత పెరుగుతుంది. ఇక్కడి ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం, బంకమట్టి తక్కువ. లోహాలను పట్టి ఉంచే శక్తి తక్కువగా ఉండుట వలన అవి సులభంగా మొక్కల వేర్లకు, భూగర్భజలానికి చేరగలవు.

కాలుష్య మూలాలు

* పట్టు అద్దకం: ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. పట్టునూలుపై గల జిగురును తొలగించుటకు సబ్బు, సోడా కలిపిన నీటిలో ఉడికిస్తారు. తరువాత రంగులు అద్దుతారు. శుద్ధి చేయకుండా వదిలితే ఈ నీటిలో సోడియం లవణాలు, మిగిలిన రంగులు, కొన్ని రంగులలో క్రోమియం, రాగి వంటి లోహాలు ఉంటాయి.
* పరిశ్రమలు: హిందూపురం సమీపంలోని తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు, పెనుకొండ సమీపంలో 2019లో ఉత్పత్తి ప్రారంభమైన కార్ల కర్మాగారం ఈ ప్రాంతపు ప్రధాన పారిశ్రామిక కేంద్రాలు. లోహాల తయారీ, రంగులు వేయుట వంటి పనులలో ప్రమాదకర వ్యర్థాలు వెలువడతాయి. వాటిని విడిగా సేకరించి శుద్ధి చేయవలసి ఉంటుంది.
* వాహనాలు: బెంగళూరు-హైదరాబాదు జాతీయ రహదారి పెనుకొండ సమీపం నుండి పోతుంది. దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో నిలిచిపోయింది. కానీ సీసం కుళ్ళిపోదు కనుక పూర్వం రహదారుల పక్క నేలలో చేరినది దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది.
* పురుగుమందులు: ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది.

ఈ ప్రాంతపు భూగర్భజలాలలోని ఫ్లోరైడు ప్రధానంగా రాళ్ళ నుండి సహజంగా వచ్చినది. దానిని పారిశ్రామిక కాలుష్యంగా భావించరాదు.

నేలపై, పంటలపై ప్రభావం

సోడియం అధికమైతే మట్టిరేణువులు విడిపోయి, నేలపై గట్టి పొర ఏర్పడుతుంది. కురిసిన కొద్ది వాన కూడా ఇంకదు. కాడ్మియం వంటి లోహాలు వేరుబుడిపెలలో నత్రజనిని స్థిరీకరించే రైజోబియం బాక్టీరియాకు హాని చేస్తాయి. ఈ ప్రాంతపు ముఖ్యపంటలైన వేరుశనగ, కంది ఈ బాక్టీరియాపైనే ఆధారపడతాయి. కనుక పైకి మొక్క పచ్చగా కనిపించినా నేల సారం క్రమంగా తగ్గిపోవచ్చు.

ఆహారపు గొలుసు

నేలలోని కాడ్మియం వానపాముల శరీరంలో చేరి, వాటిని తినే పక్షులకు చేరుతుంది. పశువులకు వాడిన నొప్పి నివారణ మందు డైక్లోఫినాక్ దీనికి భిన్నమైన ఉదాహరణ. మందు వేసిన కొద్ది రోజులకే చనిపోయిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడిపోయి చనిపోయాయి. దేశంలో రాబందులు దాదాపు కనుమరుగైన తరువాత, 2006లో ఈ మందును పశువైద్యంలో నిషేధించారు. రాబందులు తగ్గిన చోట కళేబరాలు కుళ్ళిపోయి ఇతర సమస్యలు ఏర్పడ్డాయి.

చెరువులు, పూడికమట్టి

రాయలసీమలో పల్లానికి పారే వాననీటిలో చాలా భాగం చెరువులకు చేరుతుంది. ఊరి మురుగు, వ్యర్థాలు కూడా అదే దారిన వస్తాయి. ఎండాకాలంలో చెరువులోని పూడికమట్టిని తవ్వి పొలాలకు తోలుట రైతుల అలవాటు. బలహీనమైన ఎర్రనేలలకు ఇది ఎంతో మేలు చేస్తుంది. అయితే చెరువు కలుషితమైతే, అడుగున చేరిన లోహాలు అదే మట్టితో తిరిగి పొలానికి చేరతాయి. చెరువు గర్భంలో మేసే గొర్రెలకూ ఇదే ప్రమాదం ఉంది. పట్టణాల దిగువన ఉన్న చెరువుల మట్టిని వాడే ముందు పరీక్ష చేయించుట మంచిది.

పటాన్‌చెరు అనుభవం

తెలంగాణలోని పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుండి వెలువడిన వ్యర్థజలాల వలన నక్కవాగు పరీవాహక ప్రాంతంలో పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో ఈ విషయం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. శుద్ధి కేంద్రం ఉన్నంత మాత్రాన సరిపోదని, అది ఏ పదార్థాలను తొలగించగలదో కూడా చూడాలని దీని వలన తెలుస్తుంది.

చట్టాలు, నివారణ

నీటి కాలుష్య నివారణ చట్టం (1974), పర్యావరణ పరిరక్షణ చట్టం (1986), ప్రమాదకర వ్యర్థాల నియమాలు (2016) ఈ విషయంలో ముఖ్యమైనవి. కలుషిత స్థలాలను గుర్తించి శుభ్రం చేయుటకు 2025లో ప్రత్యేక నియమాలు వెలువడ్డాయి. క్యాన్సరు కలిగించే కొన్ని అజో రంగుల వాడకాన్ని 1990లలోనే నిషేధించారు.

నేలలో చేరిన లోహాన్ని తొలగించుట కష్టం, ఖర్చుతో కూడిన పని. కనుక మూలంలోనే అరికట్టుట ఉత్తమం. ఇంటివద్దనే పనిచేసే చిన్న అద్దకందారులు సొంతంగా శుద్ధి యంత్రాలు పెట్టుకోలేరు. వారికి ఉమ్మడి శుద్ధి ఏర్పాటు ఉంటేనే చేనేత జీవనోపాధి, దిగువనున్న రైతు పొలం రెండూ నిలుస్తాయి.

ఇవి కూడా చూడండి

* నేల కాలుష్యం
* చిత్రావతి నది
* ధర్మవరం పట్టుచీరలు