లాగుడు బలానికి గేరే కొలత: చిలకలూరిపేట నల్లరేగడిలో ఎద్దుబండి నుంచి ట్రాక్టరు దాకా

వ్యాససంగ్రహం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప రవాణా చరిత్రను సాధారణంగా ఎద్దు స్థానంలో ఇంజను వచ్చిన కథగా చెబుతారు. ఆ కథలో అశ్వశక్తి అనే ఒక్క అంకె ప్రగతికి కొలతగా నిలుస్తుంది. చిలకలూరిపేట పరిసరాల నేల, పంట, బాట, వాహనాలను కలిపి పరిశీలిస్తే ఆ కొలత చాలదని తెలుస్తుంది. ఒక వాహనం ఎంత బరువు లాగగలదన్నది ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసు నిష్పత్తి, చక్రం, నేల పట్టు, బ్రేకు అనే గొలుసులోని బలహీనమైన లంకెపై ఆధారపడుతుంది. ఎద్దు తన శరీరంతోనే చేసిన సర్దుబాటును యంత్రంలో గేర్లు చేశాయని, ఆ మార్పిడిలో నిలుపుడు బలం వెనుకబడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిలకలూరిపేట, నల్లరేగడి, ఒంగోలు జాతి, ట్రాక్టరు, గేరు నిష్పత్తి, లాగుడు సామర్థ్యం, కోటప్పకొండ ప్రభలు.

1. ఉపోద్ఘాతం

చిలకలూరిపేట రైలు లేని వ్యాపార పట్టణం. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఈ మైదానానికి వచ్చిన రైలుమార్గాల్లో ఒకటి నరసరావుపేట మీదుగా, మరొకటి బాపట్ల, చీరాల మీదుగా సాగాయి. నడుమ మిగిలిన పేటకు మద్రాసు-కలకత్తా రహదారే ప్రధాన ఆధారమైంది. జాతీయ రహదారి 5గా ప్రసిద్ధమై, తరవాత 16వ సంఖ్య పొందిన దారి ఇదే. గుంటూరు జిల్లాలో ఉండిన ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాలో చేరింది.

రైలు లేని చోట పంట విలువ రోడ్డు మీద లాగే బలంతో ముడిపడి ఉంటుంది. చేలో తీసిన పత్తి జిన్నింగు మిల్లుకు, కల్లంలో ఎండిన మిరప గుంటూరు యార్డుకు, శీతల గిడ్డంగికి చేరాలి. ఆ ప్రయాణంలో కష్టమైన భాగం తారు రోడ్డు కాదు, చేను నుంచి రోడ్డు దాకా ఉన్న డొంక. వానపడితే నల్లరేగడి చక్రాన్ని పట్టుకుని వదలదు, ఎండితే గాడి పడి రాయిలా బిగుస్తుంది. ఈ ప్రాంతంలో ఏ వాహనం నిలిచింది, ఏది నిలవలేదు అన్న ప్రశ్నకు సమాధానం ఆ డొంకలోనే వెతకాలి.

2. ఎద్దు: కదిలే గేరుపెట్టె

ఈ మైదానపు సొంత పశుజాతి ఒంగోలు. భారీ దేహం, పొడవైన కాళ్ళు గల ఈ ఎద్దులు బరువైన దుక్కికి, బండి చాకిరీకి తగినవి. వేగమైన పనికి తగవు. ఇంజనీరింగు పరిభాషలో ఇది తక్కువ గేరు లక్షణం. సత్తువ వేగంగా కాక లాగుడుగా వెలువడుతుంది.

పని చేసే పశువు గంటల తరబడి తన బరువులో సుమారు పదో వంతు బలంతో లాగగలదని సాధారణ అంచనా. జత బరువు 1000 కిలోలు అనుకుంటే నిలకడైన లాగుడు 100 కిలోల బలం. గంటకు 3 కిలోమీటర్ల నడకలో అది ఒక అశ్వశక్తికి కాస్త పైన ఉంటుంది. 18వ శతాబ్ది చివర జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి చూపడానికి స్థిరపరచిన కొలత అశ్వశక్తి. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పని దాని విలువ.

అయితే ఎద్దుకున్న అసలు ప్రత్యేకత ఈ సగటులో కనిపించదు. బండి గుంతలో దిగబడినప్పుడు ఎద్దు మోకాళ్ళు వంచి, మెడ దించి, కొద్ది క్షణాలు తన నిలకడ లాగుడుకు ఎన్నో రెట్లు బలం చూపగలదు. వేగం దాదాపు సున్నాకు పడిపోతుంది, బలం పెరుగుతుంది. ఈ జిల్లాల్లో తిరునాళ్ళకు జరిగే బండలాగుడు పోటీలు ఆ శక్తినే పరీక్షిస్తాయి. పళ్ళను బట్టి జతలను విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయో కొలుస్తారు. బరువు, దూరం, కాలం మూడూ ఉన్న ఈ కొలత యంత్రశాస్త్రం చెప్పే సామర్థ్యానికి దగ్గరైనది.

3. చక్రం, నేల

లాగవలసిన బలం సరుకు బరువుతో సమానం కాదు. గట్టి రోడ్డు మీద చక్రం దొర్లడానికి మొత్తం బరువులో 2, 3 శాతం బలం చాలు. తడిసిన రేగడిలో అది 10 నుంచి 15 శాతానికి, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పెరుగుతుంది. అంటే 100 కిలోల బలంతో లాగే జత మంచి రోడ్డు మీద బండితో కలిపి 3 టన్నులు తీసుకుపోగలదు. అదే జతకు బురద డొంకలో 700 కిలోలే గగనం. ఎద్దులు మారలేదు, బండి మారలేదు, నేల మారింది.

ఇనుప పట్టా వేసిన సన్నని కొయ్య చక్రం స్థానంలో గాలి టైరు వచ్చినప్పుడు జరిగింది ఈ లెక్కలోని మార్పే. టైరు బండి నేలలో తక్కువ దిగుతుంది, గాడిని తక్కువ కోస్తుంది. బెంగళూరు ఐఐఎం సంచాలకుడిగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి 1970లలో ఎద్దుబండి ఆధునికీకరణపై చేసిన కృషి ఈ విషయాన్ని జాతీయ చర్చలోకి తెచ్చింది. కాడి, ఇరుసు, చక్రం మెరుగుపడితే పశువుపై భారం తగ్గి, అదే జత ఎక్కువ సరుకు లాగగలదన్నది ఆ కృషి సారాంశం.

4. ట్రాక్టరు రాక

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నుంచి నీటి విడుదలతో కుడి కాలువ ఆయకట్టు వ్యవసాయం కొత్త దశలోకి ప్రవేశించింది. అదే కాలంలో ట్రాక్టరు దేశీయ వస్తువుగా మారుతోంది. ఐషర్ 1959లో ఫరీదాబాదు నుంచి తొలి ట్రాక్టరును వెలువరించింది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడింది. 1963లో మహీంద్రా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో చేయి కలిపింది. 1969లో బ్యాంకుల జాతీయకరణ తరవాత యంత్రాలకు అప్పు దొరకడం సులువైంది.

ఆ తరం ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 35 అశ్వశక్తి పరిసరాల్లోనివి. వాటిలోనూ ఒకే తీరు లేదు. మాస్సే ఫెర్గూసన్ 35 నమూనాలో మూడు గేర్లను హెచ్చు, తగ్గు అనే రెండు శ్రేణులతో కలిపి 6 ముందు గేర్లు ఏర్పరచారు. బి-275 నమూనాలో నాలుగు గేర్లకు రెండు శ్రేణులు చేరి 8 అయ్యాయి. ఇంజను బలం దాదాపు సమానమైనా, ఏ వేగం వద్ద ఎంత లాగుడు దొరుకుతుందన్నది రెండింటిలో వేరు.

5. గేరు చేసే పని

ఎద్దుకూ ఇంజనుకూ ఉన్న మౌలిక భేదం ఇక్కడే ఉంది. ఇంజను ఒక పరిమితమైన చుట్ల వేగంలోనే సరిగా పనిచేస్తుంది. గుంతలో బండి దిగినప్పుడు అది ఎద్దులా మోకాళ్ళు వంచలేదు. భారం పెరిగితే ఆగిపోతుంది. ఆ వంపును దానికి గేరుపెట్టె సమకూర్చుతుంది.

35 అశ్వశక్తి సుమారు 26 కిలోవాట్లు. పళ్ళ చక్రాల్లో, ఇరుసులో పోయేది పోగా చక్రం వద్ద 21 కిలోవాట్లు మిగులుతాయనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల పై గేరులో దొరికే లాగుడు దాదాపు 310 కిలోల బలం. అదే ఇంజనుతో 7 కిలోమీటర్ల వేగంలో 1,100 కిలోలు, రెండున్నర కిలోమీటర్ల వేగంలో లెక్క ప్రకారం 3,000 కిలోలు. శక్తి పెరగలేదు, వేగాన్ని ఇచ్చి బలాన్ని తీసుకోవడమే జరిగింది.

ట్రాక్టరు 2 టన్నులు, స్థానికంగా ట్రక్కు అని పిలిచే వెనుక బండి సరుకుతో 5 టన్నులు, మొత్తం 7 టన్నులు అనుకుంటే, తారు రోడ్డు మీద 140 కిలోల బలం చాలు. పై గేరు సునాయాసంగా లాగుతుంది. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడు వస్తే మరో 350 కిలోలు చేరి గేరు దించక తప్పదు. తడి డొంకలో 700 నుంచి 1,050 కిలోలు కావాలి. అక్కడ కింది గేరు లేని బండి ఎన్ని అశ్వాల బలం చాటుకున్నా కదలదు.

పైన చెప్పిన 3,000 కిలోలు మాత్రం కాగితం మీది అంకె. వెనుక చక్రాల మీద ఉన్న బరువు, ఆ నేల ఇచ్చే పట్టు కలిసి అంతకన్నా ముందే హద్దు గీస్తాయి. హద్దు దాటితే టైరు జారి తిరుగుతుంది. బలమైన పట్టు దొరికి, కొక్కెం ఎత్తుగా ఉంటే ముందు చక్రాలు లేచే ప్రమాదమూ ఉంది. రెండు చక్రాల ట్రక్కు తన బరువులో కొంత కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనుక టైర్లపై మోపి పట్టు పెంచుతుంది. నాలుగు చక్రాల ట్రక్కు అలా చేయదు. ఒకే ట్రాక్టరుకు రెండు ట్రక్కులతో రెండు సామర్థ్యాలు ఉండడానికి కారణం ఇది.

6. కోటప్పకొండ దారిలో

ఈ సూత్రం ఏటా బహిరంగంగా కనిపించే సందర్భం మహాశివరాత్రి. చిలకలూరిపేట, నరసరావుపేట పరిసర గ్రామాల నుంచి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు ఎత్తైన ప్రభలు బయలుదేరుతాయి. ఒకప్పుడు ఎద్దులు లాగిన పెద్ద ప్రభలకు నేడు ట్రాక్టర్లు కడుతున్నారు. మోకులు పట్టి నిలవరించే ఆ నిర్మాణం కుదుపును భరించదు. అక్కడ కావలసింది మనిషి నడక కన్నా మెల్లని, అదురు లేని కదలిక. తగ్గు శ్రేణిలోని మొదటి గేరు ఆ పనికి సరిపోతుంది. లాగడంలోనే కాక పల్లంలో ఇంజనుతోనే వేగాన్ని అదుపు చేయడంలోనూ ఆ గేరుదే ప్రధాన పాత్ర. ఒంగోలు జత ఇచ్చిన నిదానాన్ని గ్రామస్థులు యంత్రంలో వెతికి పట్టుకున్న చోటు అది.

7. పికప్‌తో పోలిక

ఇటీవలి దశాబ్దాల్లో మిరప టిక్కీలను, కూరగాయలను మోయడానికి పికప్ వాహనాలు పెరిగాయి. వాటి ఇంజను పాత ట్రాక్టరుకు రెట్టింపు అశ్వశక్తి ఇవ్వవచ్చు. అయినా ట్రాక్టరు స్థానాన్ని డొంకలో అవి ఆక్రమించలేదు. ట్రాక్టరు అతి తక్కువ గేరులో ఇంజను సుమారు 200 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. పికప్ మొదటి గేరులో ఆ నిష్పత్తి 20 పరిసరాల్లో ఉంటుంది. పికప్‌ను రోడ్డు మీద సరుకు మోయడానికి నిర్మించారు, ట్రాక్టరును నేల మీద లాగడానికి నిర్మించారు.

పికప్‌తో వెనుక బండి లాగడం వాడుకగా ఉన్న అమెరికాలోనూ ఇదే పాఠం. ఒకే నమూనా, ఒకే ఇంజను ఉన్నా, వెనుక ఇరుసు నిష్పత్తి 3.31 బదులు 3.73 అయితే చక్రం వద్ద తిప్పుడు బలం దాదాపు 13 శాతం పెరుగుతుంది. బదులుగా అదే వేగానికి ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి ఇంధనం ఎక్కువ తాగుతుంది. కంపెనీలు తమకు తోచిన అంకెలు చాటుకోవడం వల్ల ఎస్ఏఈ సంస్థ 2008లో జె2807 అనే ఉమ్మడి పరీక్షా ప్రమాణాన్ని ప్రకటించవలసి వచ్చింది. ట్రాక్టర్ల విషయంలో నెబ్రాస్కా రాష్ట్రం 1919లోనే, పరీక్షించని నమూనా అమ్మరాదని చట్టం చేసింది. భారతదేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. కానీ అప్పు పత్రంలో, అమ్మకపు మాటలో రైతుకు ముందుగా వినిపించేది అశ్వశక్తి అంకె మాత్రమే.

8. నిలుపుడు బలం

లాగుడు సామర్థ్యపు చర్చలో చివరి లంకె బ్రేకు. ఎద్దుబండిలో లాగే బలమూ ఆపే బలమూ ఒకే జతలో ఉండేవి. నడక వేగంలో ఆపవలసిన వేగమూ స్వల్పం. గేరు ఈ సమతూకాన్ని మార్చింది. కింది గేరులో 7 టన్నులను కదిలించిన ఇంజను పై గేరులో వాటిని 25 కిలోమీటర్ల వేగానికి తీసుకుపోగలదు. వేగం 3 నుంచి 25కు పెరిగితే అణచవలసిన గతిశక్తి సుమారు 70 రెట్లు అవుతుంది. అయినా పొలాల్లో తిరిగే అనేక ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు. మొత్తం భారం ట్రాక్టరు వెనుక చక్రాలపైనే పడుతుంది.

1988 మోటారు వాహనాల చట్టం ట్రాక్టరును తాను భారం మోయడానికి నిర్మించని వాహనంగా నిర్వచించింది. ఆచరణలో ఆ ట్రక్కులోనే మిరపకోతకు వెళ్ళే ఆడకూలీలు తెల్లవారుజామున ఎక్కి, చీకటి పడ్డాక తిరిగి వస్తారు. లాగుడు లెక్క ఇక్కడ యంత్రశాస్త్ర విషయంగా మిగలక, ప్రాణాలకు సంబంధించినదిగా మారుతుంది.

9. ముగింపు

చిలకలూరిపేట మైదానంలో ఎద్దు నుంచి ట్రాక్టరుకు జరిగిన మార్పును బలహీనమైన శక్తి స్థానంలో బలమైన శక్తి రావడంగా మాత్రమే చూస్తే చరిత్రలో సగం జారిపోతుంది. నేలను బట్టి వేగాన్నీ బలాన్నీ మార్చుకునే గుణం ఎద్దు దేహంలో ఉండేది. ట్రాక్టరులో అది గేరుపెట్టెకు చేరింది. అశ్వశక్తి ఎక్కువైన పికప్ డొంకలో ఆగి, తక్కువైన ట్రాక్టరు సాగడం అందుకు సాక్ష్యం. ఎద్దు దగ్గర ఉండిన మరొక గుణం, లాగినదాన్ని ఆపగలగడం, యంత్రంతో పాటు పూర్తిగా బదిలీ కాలేదు. వ్యవసాయ యాంత్రీకరణ చరిత్రను రాసేవారు ట్రాక్టర్ల సంఖ్యను, అశ్వశక్తిని లెక్కించినంత శ్రద్ధగా గేరును, డొంకను, బ్రేకును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.