ఖరగ్‌పూర్: కాలం, కార్ఖానా, గడియారం

భారతదేశంలో సామాన్యునికి నిమిషాన్ని లెక్కపెట్టడం నేర్పినది రైలు. పొద్దును, జామును, నీడను బట్టి సాగిన జీవితంలోకి గడియారం అధికార చిహ్నంగా ప్రవేశించింది. అది క్రమంగా శ్రామికుని చేతికి వచ్చి, అతని ఇంటి వస్తువై, దశాబ్దాల పాటు మన్నిన తీరును పరిశీలించడానికి పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ వంటి పట్టణం అరుదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పశ్చిమాన నాగపూర్ వైపు, దక్షిణాన ఒరిస్సా తీరం వైపు పోయే మార్గాలకు ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకొన్నది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అక్కడ పెద్ద కార్ఖానా వెలసింది. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తూర్పు తీర రైలు మార్గం 1902లో ఇదే రైల్వేలో కలిసింది. దానితో ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్ దారి సుగమమయింది. కళాసీలుగా, ఫిట్టర్లుగా, కమ్మరులుగా వచ్చిన తెలుగువారు తమ భాషను, పండుగలను వెంట తెచ్చుకొని అక్కడే స్థిరపడ్డారు.

ఆ తొలినాళ్ళలో కాలం సైతం ఒక్కటిగా లేదు. దేశంలోని రైళ్ళు మద్రాసు కాలాన్ని అనుసరించేవి. కలకత్తా నగర కాలం దానికంటె సుమారు 32 నిమిషాలు ముందుండేది. అంటే మద్రాసు రాజధాని నుంచి వలస వచ్చిన తెలుగు కూలీకి, బెంగాలు గడ్డమీద కూడ, రైలు తన రాజధాని కాలాన్నే చూపించింది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. అయినా కలకత్తా నగరం అంతకు 24 నిమిషాలు ముందుండే తన కాలాన్ని 1948 వరకు వదలలేదు.

ఇన్ని కాలాల నడుమ రైలును క్షేమంగా నడపాలంటే సిబ్బంది గడియారాలు ఒక్కమాట చెప్పాలి. అందుకే రైల్వే సాధారణ నియమావళిలో గడియారానికి ప్రత్యేక స్థానం ఉన్నది. ప్రామాణిక కాలాన్ని ప్రతిదినం 16 గంటలకు ముఖ్య స్టేషనులకు తెలియజేయాలి. బండి బయలుదేరే ముందు గార్డు తన గడియారాన్ని స్టేషను గడియారంతో సరిచూసుకొని, ఆ సమయాన్ని డ్రైవరుకు చెప్పాలి. డ్రైవరు తన గడియారాన్ని దానికి సరిపెట్టుకోవాలి. జేబు గడియారం, మూడు రంగుల చేతి దీపం, జెండాలు, ఈల - ఇవి గార్డు ఉద్యోగానికి ఆయుధాల వంటివి.

అయితే ఆ జేబు గడియారం అందరి జేబులో లేదు. వలస పాలనలో గార్డు, డ్రైవరు ఉద్యోగాలలో యూరోపియనులకు, ఆంగ్లో ఇండియనులకు ప్రాధాన్యం ఉండేది. కార్ఖానా కార్మికునికి కాలమంటే కూత. కూత వినిపించిన తరువాత వచ్చినవాని కూలిలో కోత పడేది. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు రెండుసార్లు పోరాటానికి దిగారు. రెండవసారి ప్రధాన కారణం ఉద్యోగాల తొలగింపు. ఆ రైల్వే కార్మికోద్యమాన్ని నడిపినవారిలో బరంపురంలో పుట్టిన తెలుగువారు వి.వి. గిరి ఒకరు, 1969లో ఆయన భారత రాష్ట్రపతి అయినారు.

గడియారాన్ని శ్రామికునికి దగ్గర చేసే ప్రయత్నం స్విట్జర్లండులో అంతకుముందే మొదలయింది. జార్జి ఫ్రెడరిక్ రాస్కోఫ్ 1867లో, భాగాల సంఖ్యను బాగా తగ్గించి, పనివాడు కొనగలిగే గడియారాన్ని రూపొందించాడు. ఖరీదైన రాళ్ళకు బదులు ఉక్కు సూదులు వాడే ఆ పద్ధతి తరువాత ఎన్నో చవక గడియారాలకు ఒరవడి అయింది. స్వతంత్ర భారతంలో ఆ బాధ్యతను హిందుస్థాన్ మెషిన్ టూల్స్ స్వీకరించింది. జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో 1961లో గడియారాల తయారీ ప్రారంభమయింది. హెచ్.ఎం.టి. ‘జనత’ పేరుకు తగినట్లే జనం గడియారం. పెళ్ళిలో అల్లునికి, పదవీ విరమణనాడు ఉద్యోగికి గడియారం కానుకగా ఇవ్వడం తెలుగునాట మర్యాద అయింది.

ఇటువంటి గడియారం రహస్యం సరళమైనది. కీ ఇచ్చినప్పుడు చుట్టుకొన్న స్ప్రింగు మెల్లగా విప్పుకొంటూ చక్రాలను తిప్పుతుంది. ఆ వేగాన్ని ఊగే చక్రం సెకనుకు ఐదు తాకిడులుగా విభజిస్తుంది. కొన్నేళ్ళకు నూనె ఎండుతుంది, ధూళి చేరుతుంది. అప్పుడు వెనుక మూత తీసి, భాగాలు విడదీసి, కడిగి, చుక్క నూనె వేసి కూర్చితే మళ్ళీ నడుస్తుంది. ఖరగ్‌పూర్ కార్ఖానాలో ఇంజన్లకు, పెట్టెలకు జరిగినదీ ఇదే. గడువు రాగానే పూర్తిగా విప్పి, అరిగినది మార్చి, పరీక్షించి తిరిగి పట్టాలమీదికి పంపడాన్ని అక్కడ ‘ఓవర్‌హాలింగు’ అంటారు. విరిగిన తరువాత విచారించడం కాక, విరగక ముందే విప్పి చూడడం ఆ వృత్తి నీతి. ఆ నీతికి అలవాటుపడిన చేతికి ఇంటిలోని గడియారమైనా, హరికేన్ లాంతరైనా పారవేయదగిన వస్తువుగా తోచదు.

రేడియో సంగతి కూడ అంతే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. మధ్య తరంగ ప్రసారాలు రాత్రివేళ అయనావరణాన్ని తాకి తిరిగివచ్చి, పగటికంటె ఎంతో దూరం చేరుతాయి. స్వస్థలానికి దూరమైనవానికి ఆ పెట్టె మాతృభాషకు కిటికీ. వాల్వు కాలిపోతే వాల్వు, ముల్లును నడిపే దారం తెగితే దారం మార్చుకొనేవారు. పెట్టెను మార్చేవారు కారు.

నేడు ఆ పరిస్థితి మారింది. హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూత తెరవడానికి వీలులేని, లోపలి బ్యాటరీతోపాటే ఆయువు తీరే పరికరాలు జేబులలో చేరాయి. ఈ ధోరణిని గమనించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో అందుకై ఒక పోర్టలును ప్రారంభించింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు కొనుగోలుదారుకు అందాలన్నది దాని ఆశయం. ఖరగ్‌పూర్ కార్మికునికి ఇది కొత్త సిద్ధాంతం కాదు, నిత్యకృత్యం.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు ఆ రాష్ట్రంలో అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించింది. ఆ గుర్తింపుకు ఖరగ్‌పూర్ తెలుగువారి ఉనికి ముఖ్యమైన ఆధారం. భాషకు దక్కిన ఆదరణ వారి వృత్తి జ్ఞానానికి కూడ దక్కవలసి ఉన్నది. పాత గడియారాన్ని అద్దాల బీరువాలో పెట్టడం సులభమే. దానిని విప్పి కూర్చగల వృద్ధ కార్మికుల పనితీరును, పనిముట్ల పేర్లను, తెలుగు, హిందీ, బెంగాలీ కలిసిన వారి కార్ఖానా పలుకుబడిని వారుండగానే నమోదు చేయడం కష్టతరం. సాంస్కృతిక సంస్థలు ముందుగా చేపట్టవలసినది ఆ రెండవ పనినే.