పాట మీద వెండి పూత

గ్రామఫోన్ చరిత్ర రాసేవాళ్లు గాయకుల గురించి రాస్తారు, కంపెనీల గురించి రాస్తారు. నేను ప్లేటింగ్ షాపులో బతుకు వెళ్లదీసినవాణ్ణి. ఆ చరిత్రలో నా కళ్లు వెతికేది పూతనే.

పాటను గీయడానికి మెత్తని పలక కావాలి. వేలకొద్దీ అచ్చులు తియ్యడానికి గట్టి లోహం కావాలి. మెత్తని పలక మీద లోహం పేరుకోవాలంటే దాని మీద కరెంటు పారాలి. మైనం మీద పారదు. 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడింది మైనం పలకల మీదే. అవి ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లాక రికార్డులయ్యాయి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక రికార్డులను ఇక్కడే అచ్చు వేయడం మొదలైంది. ఆ కాలంలో కరెంటు కోసం మైనానికి గ్రాఫైట్ పొడి రుద్దేవాళ్లు. ఆ రేణువుల గరుకుదనం వల్ల పాట వెనకాల బుస్సుమనే చప్పుడు చేరేది.

1930ల్లో ల్యాకర్ పలక వచ్చింది. అల్యూమినియం బిళ్ల మీద నైట్రోసెల్యులోజ్ పొర, అంటే ఒక రకం ప్లాస్టిక్. దాని మీదా కరెంటు పారదు, కాబట్టి వెండి పూత వేస్తారు. గీసిన పలకను శుభ్రంగా కడిగి, తగరపు క్లోరైడ్ ద్రావణం పట్టించి, మళ్లీ కడుగుతారు. ఆపైన సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్నీ, దాన్ని వెండిగా మార్చే ద్రావణాన్నీ ఒకేసారి చిమ్ముతారు. చూస్తుండగానే పలక అద్దంలా మెరుస్తుంది. ఆ వెండి వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అయినా గాడిలోని ప్రతి వంపునూ పట్టుకుంటుంది.

తర్వాత నికెల్ బాత్. మొదట కరెంటు తక్కువగా ఇవ్వాలి; తొందరపడితే వెండి పాడవుతుంది. పేరుకున్న నికెల్‌ను ఊడదీస్తే ఫాదర్ అనే లోహపు అచ్చు, దాని నుంచి మదర్, మదర్ నుంచి రికార్డులను అచ్చు వేసే స్టాంపర్. ఊడదీయడంలో ల్యాకర్ చెడిపోతుంది. అందుకే పూత తప్పితే మళ్లీ గీయాల్సిందే. ఘంటసాల భగవద్గీత ఎల్పీ మన ఇళ్లకు చేరిందీ ఇలాంటి పూత పనివాళ్ల చేతుల మీదుగానే.

2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయాక, ల్యాకర్ పలకల ప్రధాన తయారీదారు జపాన్‌లో ఒక్కరే మిగిలారు. పలక లేనప్పుడు ఎంత గొప్ప గొంతైనా రికార్డు కాలేదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. పాత రికార్డులు సేకరించేవాళ్లకు నా విన్నపం: గాయకుల కబుర్లతో పాటు, ఆ ఫ్యాక్టరీల్లో పూత పని చేసిన పెద్దలను వెతికి వాళ్ల అనుభవాలూ రాసిపెట్టండి. ఆ పాటలో వాళ్లకూ వాటా ఉంది.