మదనపల్లెలో జనగణమన

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా విచ్చేసిరి. 1911లో కలకత్తా కాంగ్రెసు సభయందు తొలిసారి పాడబడిన జనగణమన గీతమును వారు ఇచ్చట స్వయముగా పాడి వినిపించగా, విద్యార్థులు పల్లవికి వంతపాడిరి.

ప్రిన్సిపాలు జేమ్సు కజిన్సుగారి భార్య మార్గరెట్టమ్మ ఐర్లండులో సంగీతపట్టము పొందిన విదుషీమణి. అయినను ఆమె శిష్యురాలివలె పంక్తి పంక్తి విని, ఆ వరుసను పాశ్చాత్యపద్ధతిని స్వరపరచి వ్రాసిరి. 28వ తేదిన కవి దానిని ఆంగ్లీకరించిరి. గాయకుని యెదుట కూర్చుండని వారికిని ఆ వరుస నేర్చుకొన వీలయ్యెను. 1950 జనవరి 24న దాని తొలిచరణము జాతీయగీతమయ్యెను.

విద్య ముదిరిన పిమ్మటను వినయముతో వినువారివలననే విద్య నలుగురికి నందును.